అవగాహన లేదని కొట్టమ్మా!

పిల్లలకి గుడ్డు పెట్టకపోయినా కొంపలేం మునిగిపోవు గానీ, నెలకోసారైనా వాళ్ళకి సర్వే చేయించాలి!

నవ్వకండి. ఈ మాట ఊరికే అనడం లేదు. రెంటచింతల శివార్లలో ఉన్న ఒక కాలనీకి వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది. అక్కడ కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. సర్వే వాళ్ళు మాత్రం రోజు విడిచి రోజు వస్తారు. ఎంత పెట్టి పుడితే మనల్ని అంత శ్రద్ధగా కొలిచేవాళ్ళు దొరుకుతారు చెప్పండి! మీ వీధికి ఎవరైనా వచ్చి మీ పిల్లవాడి జబ్బ ఎన్ని సెంటీమీటర్లుందో అడిగారా? అడగలేదు కదా. మీ పిల్లలు అట్లా అనాథల్లా పెరిగిపోతున్నారు మరి.

ఆ కాలనీలో అమీనా బీ ఇంటి తలుపు మీద తొమ్మిది స్టిక్కర్లున్నాయి. ఒక్కో సర్వేకి ఒక్కోటి. ఇంకేం, తలుపుకి రంగు వేయించే ఖర్చు తప్పింది. చెక్కలో పడ్డ బీటలన్నీ మూసుకుపోయి ఈ శీతాకాలం ఇంట్లోకి చలిగాలి కూడా రాలేదు. పేదల ఇళ్ళకి పరిశోధన చేస్తున్న ఈ సేవని ఇంతవరకూ ఒక్కరైనా మెచ్చుకున్నారా? లోకం అంతే.

ఆ తొమ్మిదిలో చివరి స్టిక్కరు హుమేరాది. నరసరావుపేటలో బోరు మోటార్లు బాగుచేసే మీరా సాహెబ్ కూతురు. పెద్ద ఊళ్ళో పెద్ద యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. కుటుంబ ఆర్థిక స్థితి, ఆరోగ్యంలో సమానత్వం, పిల్లల శ్రేయస్సు, ఇవన్నీ కలిపి ఒకే థీసిస్! ఆ టైటిల్ ఒక్కసారి పైకి చదివితే చాలు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో పిల్లలకి జ్వరం దిగిపోవాలి. మీరా సాహెబ్‌కి మాత్రం కూతురి చదువేంటో ఇప్పటికీ అంతుపట్టలేదు. షాపుకొచ్చిన వాళ్ళు అడిగితే, "పిల్లల డాక్టరంట. మందులు మాత్రం ఇవ్వదంట" అని చెప్పి మోటారు విప్పుకుంటాడు.

హుమేరా మంచి పిల్ల. కష్టపడే పిల్ల. సంచిలో ట్యాబు, తూకం మిషను, పసిపిల్లల జబ్బకి చుట్టి చూసే కొలత పట్టీ పెట్టుకుని, ఆ రెంటచింతల ఎండలో నాలుగొందల ఇళ్ళు తిరిగింది. ఆ పట్టీ మీద మూడు రంగులుంటాయి. ఆకుపచ్చలో ఆగితే పిల్ల బాగున్నట్టు. పసుపులో ఆగితే జాగ్రత్తపడి, ఆసుపత్రిలో చూపించమని. ఎరుపులో ఆగితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మని.

ఇక ఫారం! నూట నలభై రెండు ప్రశ్నలు. ఇంట్లో కోళ్ళెన్ని, కుర్చీలెన్ని, నిన్న పిల్ల ఏం తిన్నది, ఎన్నిసార్లు తిన్నది... మధ్యలో ఒకచోట, "గత రెండు వారాల్లో మీరు ఎన్ని రోజులు ఆనందంగా ఉన్నారు?" అని కూడా ఉంటుంది. అమీనా బీ మొగుడు ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసి, ఆ ముక్క ఒక్కనాడైనా అడక్కుండానే పోయాడు. మొదటిసారి ఎవరో సర్వే పిల్ల ఆ ప్రశ్న అడిగినప్పుడు అమీనా బీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఫారంలో ఏడుపుకి గడి లేదు. ఆ పిల్ల 'చెప్పలేను' అని కొట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

ఇన్ని సర్వేలయ్యాక మనిషికి అనుభవం రాదా? వస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి, చెమటలు కక్కుతూ వచ్చే పిల్లలకి ఇప్పుడు అమీనా బీయే ట్రైనింగ్ ఇస్తోంది.

"టీవీ ఉందని కొట్టమాక అమ్మాయ్. దానెనకాల ఇంకో ఆరు ప్రశ్నలొస్తాయి."

"నీళ్ళు కాసుకుని తాగుతామని కొట్టు. లేకపోతే నువ్వు నాకు అరగంట చెప్పాల, నేను వినాల. ఇద్దరికీ పనులుండాయి."

ఒక యూనివర్సిటీ అయినా ఆమెని పిలిచి గెస్టు లెక్చర్ ఇప్పించిందా? అబ్బే!

అన్నిటిలోకీ కష్టమైనది ఎనభై ఏడో ప్రశ్న. 'బిడ్డను ఆసుపత్రికి ఎందుకు తీసుకువెళ్ళలేదు?' దీనికి నాలుగు జవాబులున్నాయి. అవగాహన లేక. ఆసక్తి లేక. మూఢనమ్మకాల వల్ల. ఇతరములు. ఇది హుమేరా సొంతంగా రాసిన ప్రశ్నేం కాదు. తనకి ముందు సర్వే చేసినవాళ్ళ ఫారంలోంచి తెచ్చుకుంది. వాళ్ళు అంతకుముందు వాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. పైన లోగో ఒక్కటే మారుతూ వచ్చింది.

'ఇతరములు' అని నొక్కి చూడండి, సరదా తెలుస్తుంది! కారణం టైపు చెయ్యాలి. అదే మాట నోటితో చెప్పించి రికార్డు చెయ్యాలి. లొకేషన్ పంపాలి. ఆపైన ఎక్కడో కూర్చున్న సూపర్‌వైజరు ఓకే అన్నట్టు ఒక నంబరు రావాలి. ఈలోగా ఎండకి ట్యాబు వేడెక్కిపోతుంది, సిగ్నల్ ఎగిరిపోతుంది, ఫారం మళ్ళీ మొదటి ప్రశ్నకొచ్చి నిలబడుతుంది: 'మీ పేరు?'

అందుకని అమీనా బీ ఒక దారి కనిపెట్టింది. "అవగాహన లేదని కొట్టమ్మా. తేలిగ్గా పోద్ది."

మంచి మాట దాగుతుందా? కాలనీ అంతా పాకింది. పక్క కాలనీకి పాకింది. ఆగస్టులో హుమేరా మొదటి విడత తిరిగినప్పుడు ఎనభై ఏడో ప్రశ్న దగ్గరకి రాగానే ఇంటింటా అదే జవాబు. కొందరైతే ప్రశ్న చదవకముందే చెప్పేశారు. హుమేరాకి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ ఆ రోజుకి ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలున్నాయి. ఆకలి కూడా వేస్తోంది. కొట్టేసింది.

ఆ డేటా చూసి ఆమె గైడు ప్రొఫెసర్ రవిశంకర్ గారికి రోమాలు నిక్కబొడుచుకున్నాయట. "నూటికి తొంభై ఇళ్ళలో అవగాహన లేదు! హుమేరా, ఇదే మన ఫైండింగ్!" అన్నారు. అవగాహన లేదని తేలాక చేతులు కట్టుకుని కూర్చుంటారా పెద్దవాళ్ళు? అక్టోబరులో ఒక ఫంక్షన్ హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. స్టేజీ మీద పదమూడు కుర్చీలు, పదమూడు శాలువాలు. కాలనీ ఆడవాళ్ళని సగం రోజు కూలి మాన్పించి తీసుకొచ్చారు. తలా ఒక అరటిపండు ఇచ్చి, పిల్లలకి రోజూ గుడ్డూ పాలూ పండ్లూ పెట్టాలని రెండున్నర గంటలు చెప్పారు. చివర్లో క్విజ్ కూడా పెట్టారు. ఇరవై ప్రశ్నలకి ఇరవై జవాబులు తడుముకోకుండా చెప్పింది అమీనా బీ. స్టీలు పళ్ళెం ఇచ్చారు. దాని మీద పేరు కూడా కొట్టించారు: 'అవగాహన పోటీ – ప్రథమ బహుమతి.'

ఫిబ్రవరిలో హుమేరా రెండో విడత కొలతలకి వచ్చినప్పుడు అమీనా బీ ఆ పళ్ళెంలోనే రెండు బిస్కెట్లు పెట్టి ఇచ్చింది.

సాయంత్రం అయిదయింది. అమీనా బీ అప్పుడే మిరపకోత నుంచి వచ్చి, చేతుల మంటకి మజ్జిగ రాసుకుంటోంది. లోపల గదిలో కోడలు షాహిస్తా. మూడో కాన్పయి ఇరవై రోజులు. గుమ్మంలో మనవరాలు ఫరా. నాలుగేళ్ళ పిల్ల. సంచి భుజాన వేసుకున్న మనిషి కనబడగానే ఎడమ చెయ్యి చాపి నిలబడింది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కాలనీలో పసిపిల్లలకి సలాం చెయ్యడం కంటే ముందు వచ్చేది అదే. మొన్న ఉప్పు అమ్మేవాడొచ్చినా అలాగే చాపిందట.

హుమేరా పట్టీ చుట్టింది. ఎరుపు.

మళ్ళీ చుట్టింది. ఎరుపే.

ఆగస్టులో ఈ పిల్ల జబ్బ పసుపులో ఉండటం హుమేరాకి బాగా గుర్తు. చదువుకున్న పిల్ల కదా, పద్ధతి ప్రకారం సంచిలోంచి ఆసుపత్రి స్లిప్పుల పుస్తకం తీసింది.

"ఇంకోటి ఎందుకే?" అంది అమీనా బీ. బిస్కెట్ల డబ్బా దించి, మూత తీసి చూపించింది. "మూడుండాయి."

మొదటి రెండూ ఎవరెవరివో. మూడోది హుమేరా చేతిరాత. ఆగస్టు పదిహేడు. 'ఆసుపత్రిలో చూపించవలెను.' కింద గుండ్రంగా, అందంగా తన సంతకం.

ఆరు నెలలు! ఆ కాయితం డబ్బాలో భద్రంగా ఉంది. పిల్ల మాత్రం పసుపులోంచి ఎరుపులోకి జారింది. హుమేరాకి సిగ్గుతో ముఖం కాలిపోయింది. అమీనా బీ మాత్రం నింపాదిగా, "ఎనభై ఏడో దానికొచ్చావా? అవగాహన లేదని కొట్టు. నీక్కూడా పొద్దుపోతంది" అంది.

హుమేరా ట్యాబు సంచిలో పడేసింది.

"దాదీ, నిజంగా ఎందుకు తీసుకుపోలేదు?"

అమీనా బీ అనుమానంగా చూసింది. "ఇది ఎన్నో ప్రశ్న?"

"ప్రశ్న కాదు దాదీ. నేనే అడుగుతున్నా."

ముసలామె ఆ పళ్ళెం వంక చూసింది.

"పద్నాలుగు రోజులు వార్డులో ఉంచాలంటగా. రేత్రీ పగలూ ఒక మనిషి దాని పక్కన కూసోవాల. ఎవరు కూసుంటారే? షాహిస్తా బాలింత. మా కొడుకు సాజిద్ లారీ మీద పోయి తొమ్మిది రోజులైంది, ఎప్పుడొస్తాడో వాడికే తెలవదు. నేను పోయి కూసుంటే కూలి ముఠాలో నా చోటు మేస్త్రి ఇంకోదానికిస్తాడు. మళ్ళా ఈ కాయకోతలు అయిందాకా నన్ను పిలవడు. అప్పుడు దీని ఒక్కదాని జబ్బే కాదు, ఇంట్లో అందరి జబ్బలూ ఎరుపులోకి పోతాయి. నువ్వు ఆగస్టులో చెప్పినప్పుడు పత్తిలో కలుపు. ఇప్పుడు మిరపకాయ. గుడ్డు పెట్టాలని నాకు తెలవదా? ఆ పళ్ళెం ఊరికే ఇచ్చారా?"

ఫరా ఇంకా చెయ్యి దించలేదు. అమీనా బీయే ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"ఈ ఇంట్లో ఒక మనిషి తక్కువైందే. అంతే. దానికి మీ ఫారంలో ఏం కొట్టాలో నాకు తెలవక, అవగాహన లేదని కొట్టమన్నా."

హుమేరా బయటికొచ్చి, సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు దాకా నడిచి, గైడుకి ఫోన్ చేసింది. ఆయన ఏదో హోటల్లో పిల్లల పోషకాహారం మీద సెమినార్‌లో ఉన్నారు. వెనక నుంచి ప్లేట్ల చప్పుడు వినబడుతోంది.

"స్లిప్ ఇచ్చావా?"

"ఆగస్టులోనే ఇచ్చాను సార్."

"వెరీ గుడ్. ఇప్పుడింకోటి ఇవ్వు. 'సహాయం రెండుసార్లు అందించబడినది' అని కొట్టు."

"నేనే తీసుకెళ్ళి పాప దగ్గర ఉంటాను సార్. పద్నాలుగు రోజులే కదా."

ఫోన్లో ప్లేట్ల చప్పుడు కూడా ఆగిపోయింది. "హుమేరా! ఆ పాప కంట్రోల్ గ్రూప్‌లో ఉంది! నువ్వు చెయ్యి వేశావంటే ఆ కేసు తీసెయ్యాలి. మనకి నాలుగొందలు కావాలి తల్లీ. మూడొందల తొంభై తొమ్మిదితో నేనేం చేసుకోను? ఎమోషనల్ అవ్వకు. నువ్వు రీసెర్చర్‌వి, వాళ్ళ చుట్టానివి కాదు."

కంట్రోల్ గ్రూపంటే ఏమిటో చెప్పాలి కదా మీకు. కొంతమందిని ఎంచుకుని, వాళ్ళకి ఏమీ చెయ్యకుండా, ఏమవుతారో అప్పుడప్పుడు వచ్చి చూసిపోవడం. అంతే. ఇదేదో పరాయి దేశపు పద్ధతి అనుకోకండి. మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, చానామంది ఆ గ్రూపులోనే పుట్టి ఆ గ్రూపులోనే పోయారు.

ఇక్కడే హుమేరా దారి తప్పింది. పీహెచ్‌డీ చేతికందే వేళ, గైడు మాట కాదని, తెల్లారి మొదటి బస్సుకి ఫరాని చంకనేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరింది. చదువుకున్న పిల్ల చెయ్యాల్సిన పనేనా ఇది? కాలనీలో అందరూ పనులకి వెళ్ళే హడావుడిలో ఉన్నారు. అమీనా బీ కోత చీర కట్టుకుని, మధ్యాహ్నం బువ్వ క్యారేజీతో బస్సు దగ్గరకొచ్చింది. థాంక్స్ గీంక్స్ ఏమీ చెప్పలేదు. "కడుపు నింపకుండా నిద్ర పుచ్చమాక" అని చెప్పి, ముఠా ఆటో కదులుతుంటే పరిగెత్తింది.

వార్డులో హుమేరాకి తన చదువులో లేనివి చాలా తెలిశాయి. రెండు గంటలకోసారి గిన్నెడు పాలు తాగించడానికి గంటన్నర పడుతుందని తెలిసింది. తాగించాక అంతా ఒక్క గుటకలో కక్కేస్తే మళ్ళీ మొదలుపెట్టాలని తెలిసింది. మీరా సాహెబ్ పూటపూటా ఇంటి నుంచి అన్నం తెచ్చేవాడు. మూడో రోజు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చాలాసేపు ఆలోచించి, "పిల్ల దగ్గర కూసోటానికి పీహెచ్‌డీ ఎందుకమ్మా? ఇంటర్ చాలదా?" అని అడిగాడు. ఆయన వెటకారం చెయ్యలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

సాయంత్రం పని నుంచి రాగానే అమీనా బీ ఫోన్. "నిన్నటేల నుంచి ఏం తిన్నదే? ఎన్నిసార్లు తిన్నది?"

హుమేరా ఉలిక్కిపడింది. ఆ ప్రశ్న ఫారంలో ఇరవై ఆరోది. నాలుగొందల ఇళ్ళలో రెండేసి సార్లు అడిగింది గానీ, తనని ఎవరూ అడగలేదు.

"గుడ్డు తిన్నది దాదీ."

"నిజం చెప్పు. మేం ఫారానికి చెప్పినట్టు చెప్పమాక."

"సగం. సగం ఊసేసింది."

"అట్టా చెప్పు."

ఏడో రోజున ఫరా గిన్నె తనే పట్టుకుంది. తొమ్మిదో రోజున హుమేరాని ఖాలా అని పిలిచింది, అంటే పిన్ని అని. పదకొండో రోజున పట్టీ పసుపులో ఆగింది. హుమేరా గబగబా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పి, బయటికి వినబడకుండా ఏడ్చింది. అదే రోజు ప్రొఫెసర్ గారి మెయిల్ వచ్చింది. ఫరా కేసు తీసేశారు. తూకం పెరిగింది కాబట్టి ఫరా ఇక లెక్కలో లేదు. మిగిలిన మూడొందల తొంభై తొమ్మిది మంది ఉన్నారు, ఎక్కడి వాళ్ళు అక్కడే ఉన్నారు. సైన్సుకి వచ్చిన ఇబ్బందేమీ లేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం వార్డులోకి ఒక అమ్మాయి వచ్చింది. పేరు నీలిమ అని మెడలో కార్డుంది. భుజాన సంచి, చేతిలో ట్యాబు, ముఖం నిండా చెమట. ఏదో కొత్త సర్వే. మంచం దగ్గర ఆగగానే ఫరా ఎడమ చెయ్యి చాపింది.

"పాపకి మీరేమవుతారు మేడం?"

"ఖాలా. పిన్ని అని రాసుకో."

"చదువు?"

"పీహెచ్‌డీ చేస్తున్నా."

నీలిమ తలెత్తి చూసింది. "దేని మీద మేడం?"

"పిల్లల ఆరోగ్యం మీద."

నీలిమ గబగబా ట్యాబులోకి చూసుకుంది. "పాపని ఆసుపత్రికి తీసుకురావడంలో ఆలస్యం ఎందుకైంది?" అని చదివి, కింద జవాబులు కూడా చదివింది. అవగాహన లేక. ఆసక్తి లేక. మూఢనమ్మకాల వల్ల. ఇతరములు. పైన లోగో కొత్తది.

హుమేరా ఒక చేత్తో పాలగిన్నె పట్టుకుని ఉంది. ఆగస్టు పదిహేడున తను పెట్టిన ఆ గుండ్రటి సంతకం కళ్ళ ముందు మెదిలింది.

"మీకు 'ఇతరములు' పెట్టమంటారా మేడం?" అంది నీలిమ మొహమాటంగా. "అది పెడితే మాత్రం చానాసేపు పట్టిద్ది. ఇంకా పన్నెండు మంచాలుండాయి..."

"వద్దులే. అవగాహన లేదని కొట్టమ్మా."

"అయ్యో, మీకా మేడం?"

"నాకే. నిజమే అది. కొట్టు."

నీలిమ కొట్టింది. ఆ జవాబు మీద ఇన్ని సర్వేల్లో పడ్డ మొదటి నిజమైన టిక్కు అదేనేమో. ఫారం ఎక్కడా ఆగలేదు, తేలిగ్గా ముందుకి పోయింది. ట్యాబు మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నీలిమ చదవలేక చదివింది.

"మీకు అవగాహన సదస్సు సిఫార్సు చేయబడినది... సారీ మేడం, అదే వస్తది. ఏమనుకోమాకండి. ఎప్పుడనేది ఫోన్‌కి మెసేజ్ వస్తది."

"రానీ అమ్మా," అంది హుమేరా, గిన్నె ఫరా నోటికి అందిస్తూ. "తప్పకుండా వస్తా. ముందు వరసలో రెండు కుర్చీలు ఉంచమను. మా ప్రొఫెసర్ గారిని కూడా తీసుకొస్తా."